మా అక్క చెరిపేసిన రెండో వైపు

మా అక్క పెళ్ళి మేళం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను అడిగి దాచుకున్నది కాదు. నాకు ప్రాణమైన ఒక ఇంగ్లీషు ఆల్బమ్ క్యాసెట్ మీద, దాని రెండో వైపున, ఆ మేళాన్ని రికార్డు చేయించింది ఆమె. మొదటి వైపు పెడితే గాలి, ఉరుము, ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టుండే ఆర్గన్. తిప్పి పెడితే నాదస్వరం, డోలు, మధ్యలో ఎవరో "వడ్డించేటోళ్ళు యాడ పోయినారప్పా" అని అరవడం. ఆ అరిచిన మనిషి మా బావ తరఫు వాడని గొంతును బట్టి చెప్పగలను. ఎవరో కనుక్కుందామని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. వాళ్ళ ఇంట్లో అందరికీ అదే గొంతు.

ఎందుకిలా చేశావని ఆ రోజే అడిగాను. పెళ్ళికూతురు పీటల మీద ఉండగానే వెళ్ళి క్యాసెట్ గురించి తగువు పెట్టుకున్నానని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. పీటల మీద నుంచి లేచాకే అడిగాను. ఆమె తల మీద తలంబ్రాలు ఇంకా ఉన్నాయి, అంతే.

తప్పు చేశానని ఆమె అనలేదు. వేసి చూశానంది. చాలాసేపు చూశానంది. ఏమీ వినిపించలేదట. అందుకని ఖాళీ పక్క అనుకుని మేళం రికార్డు చేసేవాడికి ఇచ్చేసిందట.

"దాంట్లో ఏముండాదప్పా, గాలి తప్ప?" అంది.

ఆ రోజు నుంచి ఈ మధ్య వరకూ ఆమె దాన్ని ఖాళీ పక్క అనే పిలిచింది. నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలిన మాట అది. ఎందుకంటే ఆ ఆల్బమ్‌లో అన్నిటికంటే గొప్ప చోటు సరిగ్గా అదే. రెండో వైపు మొదట్లో వాళ్ళు దాదాపు ఏమీ వాయించరు. ఒక తీగను ఎవరో ముట్టుకుని వదిలేస్తారు. మళ్ళీ ముట్టుకోవడానికి తొందరపడరు. మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. అలాంటి చోటును పట్టుకుని, పనికిరాని జాగా అనుకుని, దాని మీద డోలు వేయించింది మా అక్క.

నేను ఈ ఆల్బమ్ పక్షాన చాలా అవమానాలు పడ్డాను. మొదటిది బెంగళూరులో, డిప్లొమా చదివేటప్పుడు. హాస్టల్ గదిలో నాతో ఉన్న ఒక పెద్దింటి కుర్రాడి దగ్గర ఈ క్యాసెట్ ఉండేది. ఇదేం పాట అని అడిగితే ప్రోగ్రెసివ్ రాక్ అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మీ అనంతపురం వాళ్ళకు ఇది ఎక్కదులే అని కూడా అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే నేను మధ్యలోనే లేచిపోయేవాణ్ణి. అన్నాడు కాబట్టి పళ్ళు బిగించి కూర్చున్నాను. మొదటి వైపు మొత్తం కోపంతోనే విన్నాను. రెండో వైపు మధ్యకు వచ్చేసరికి ఆ కోపం ఎటుపోయిందో తెలియలేదు. తర్వాత వాడి దగ్గర దాన్ని కాపీ చేయించుకున్నాను. వాడన్న మాట మాత్రం వాడికి తిరిగి ఇవ్వలేకపోయాను. ఇప్పటికీ వాడు కనిపిస్తే ఇస్తాను.

ఆ ఆల్బమ్‌లో ఒక కథ ఉంటుంది. సముద్రం ఒడ్డున దీపస్తంభానికి కాపలా ఉండే మనిషి ఒకడు ఉరుములు విని నిద్రపోతాడు. కలలో లేచి చూస్తే సముద్రం ఎండిపోయి ఉంటుంది. ఓడలన్నీ ఒక పక్కకు ఒరిగి నేల మీద పడి ఉంటాయి. వాడు నీళ్ళను వెతుక్కుంటూ ఆ ఎండిన అడుగున నడుచుకుంటూ పోతాడు. కథ ఇంతే. ఈ ఇంత కథకు వాళ్ళు చేసే హంగామా చూడాలి. పాడేవాడు చాలాసేపు రానే రాడు. వచ్చేలోపు వంద వయొలిన్లు ఒక్కసారిగా నిట్టూర్చినట్టుండే కీబోర్డు ఒకటి ఆకాశమంతా కమ్ముకుంటుంది. వేణువు వస్తుంది, ఏదో చెప్పబోయి మానుకుంటుంది. డ్రమ్ములు మొదలవుతాయి. తాళం వేద్దామని చేయి ఎత్తితే ప్రతిసారీ ఒక దెబ్బ ముందుగానో ఆలస్యంగానో పడుతుంది, మనమే తప్పు చేసినట్టు. ఇక కురుస్తుందిరా అనిపించేంతగా పెంచి, ఉన్నట్టుండి అంతా వదిలేసి, ఒక్క గిటార్‌ను మాత్రం ఒంటరిగా నడిపిస్తారు.

దీన్ని మా జిల్లావాళ్ళ కోసమే చేశారని నా వాదన. కరిమబ్బు పట్టి, చల్లగాలి విసిరి, రెండు చినుకులు రాల్చి, చివరికి కర్ణాటక వైపు పోయే మేఘాన్ని చూస్తూ కూర్చోవడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పాటలో పాడేవాడు రావడానికి అంతసేపు పట్టిందంటే ఇంగ్లండులో వాళ్ళకు విసుగు పుట్టాలి గానీ మాకు ఎందుకు పుట్టాలి?

కానీ పుట్టింది. మా ఇంటావిడ ఈ ఆల్బమ్‌ను కుక్కర్ విజిళ్ళతో కొలుస్తుంది. పప్పు ఉడికిపోయింది, మీవాడు ఇంకా నోరు తెరవలేదు అంటుంది. నేను పని చేసే పాలిటెక్నిక్ స్టాఫ్ రూంలో ఒకసారి పెడితే, ఒక సారు మర్యాదగా కాసేపు విని, వాయిద్యాలు శ్రుతి చేసుకోవడం అయ్యాక పిలవండి, వస్తాను అన్నాడు. మా బావ అయితే మొదటిసారి విన్నప్పుడే "పాడేటోనికి బస్సు దొరకలేదేమో బామ్మర్దీ" అన్నాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు వాళ్ళ ఇంటికి వెళ్ళినా, మీవానికి బస్సు దొరికినాదా అని అడగడం అలవాటు చేసుకున్నాడు. అది ఆయనకు ఎన్నిసార్లన్నా పాతబడదు.

వీళ్ళందరినీ వదిలేయగలను. అక్కను వదలలేను. ఆమె చెరిపేసింది కాబట్టి ఆమె వినాలి. మొదటి నుంచి చివరి వరకూ, లేవకుండా, ముఖ్యంగా రెండో వైపు. నా పట్టు ఇంతే. ఇంటర్నెట్లో ఆ ఆల్బమ్ మళ్ళీ దొరికినప్పటి నుంచి ఆమెకు వినిపించాలని చూస్తూనే ఉన్నాను. పాలు పొంగుతాయి, బర్రె అరుస్తుంది, ఎవరో వస్తారు, కరెంటు పోతుంది. ఏదీ లేకపోతే మా బావ ఫోన్ చేస్తాడు. పక్క గదిలో నుంచి కూడా చేశాడు ఒకసారి.

మా అక్కవాళ్ళది శింగనమల దగ్గర ఊరు. ప్రతి ఏడూ వానలకు ముందు అక్కడ విత్తనాల కోసం శెనక్కాయలు వొలుస్తారు. తినే గింజలకైతే మిషన్ ఉంది. విత్తనాలను మిషన్‌కు వేస్తే గింజ నలుగుతుంది, పొర లేస్తుంది, భూమిలో వేస్తే మొలవదు. అందుకని చేత్తోనే వొలవాలి. కాయ ముక్కు మీద బొటనవేలితో నొక్కితే రెండుగా చీలాలి, గింజ చెక్కుచెదరకుండా చేటలో పడాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వసారాలో గుండ్రంగా కూర్చుని రోజుల తరబడి చేసే పని ఇది. నేనూ సెలవు పెట్టుకుని వెళ్తాను. వెళ్ళినందుకు నాకు దక్కే మర్యాద ఏమిటంటే, నేను వొలిచిన గింజలను విడిగా వేరే గిన్నెలో పోయిస్తారు. నా వేళ్ళకు పొర లేచిపోతుందట. అవి చట్నీకి. చేటలో ఏ గింజ ఎవరు వొలిచారో చూసి చెప్పగల మనిషి లేడని నేను నిరూపించడానికి ప్రయత్నించాను. అక్క చూసి చెప్పింది.

ఈసారి వెళ్ళినప్పుడు మా బావ అనంతపురం వెళ్ళి ఉన్నాడు. పని మొదలైన కాసేపటికి అక్క, చేతులు ఆడతాండాయి గాని చెవులు ఖాళీగా ఉండాయి, ఏదన్నా పెట్టప్పా అంది. మామూలుగా అయితే వాళ్ళు పాత సినిమా పాటలు పెట్టుకుంటారు. ఆ పాటలున్న ఫోన్ బావ జేబులో ఉంది. నా సంచిలో చిన్న స్పీకర్ ఉంది. ఆమె ఒళ్ళో చేట, చేట నిండా గింజలు, చుట్టూ పొట్టు. లేవాలంటే అదంతా దించాలి. ఇంతకంటే మంచి సమయం ఈ జన్మలో రాదనుకున్నాను. స్పీకర్‌ను అందరికీ సమానంగా వినపడాలని వెనక కిటికీలో పెట్టాను. ఏమి పెడుతున్నానో చెప్పలేదు.

మొదట గాలి. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆకాశం అవతల నుంచి దొర్లుకుంటూ వచ్చినట్టు ఒక ఉరుము.

వసారాలో ఒక్కరు మిగల్లేదు. చెమ్మ తగిలిన రెండు మూటల కాయలను అక్క పొద్దున్నే మిద్దె మీద ఆరబోసింది. చేటలు దించారో విసిరేశారో నేను చూడలేదు, అందరూ మెట్ల మీద ఉన్నారు. ఎనభై దాటిన పక్కింటి అవ్వ కూడా గోడ పట్టుకుని రెండు మెట్లు ఎక్కేసింది. పైన ఒకరు కాయలు కుప్ప చేస్తుంటే ఒకరు గోనెసంచులు పరిచారు. టార్పాలిన్ పట్ట నాలుగు మూలలా రాళ్ళు పెట్టాక అప్పుడు తలెత్తి చూశారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎండకు కళ్ళు తెరవలేకపోయారు. కింద నుంచి రెండో ఉరుము వినిపించింది. వాన కింద నుంచి రాదని అందరికీ ఒకేసారి తోచింది.

అందరూ నా వైపు చూశారు. అవును, నేనూ మిద్దె మీదే ఉన్నాను. ఆ ఉరుము ఎన్నో నిమిషానికి వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ ఎండాకాలం చివర ఉరుము వినపడితే ఇక్కడ పుట్టినవాడి కాళ్ళు తలను అడగవు. అయితే నేను ఆ సంగతి ఒప్పుకోలేదు. మీకు చెప్పి ఆపుదామనే పరుగెత్తాను అన్నాను.

"ఆపేటోనివి పట్ట ఎందుకు ఎత్తుకొచ్చినావురా?" అంది అక్క.

పట్ట తెచ్చింది నేనేనట. ఉండవచ్చు.

కిందికి దిగేటప్పుడు మెట్టుకో మాట అన్నారు. వానతో పరాచికాలా అని ఒకరు, చదువుకున్నోళ్ళ బుద్ధి ఇట్లే ఉంటాదని ఒకరు. అక్క నేరుగా కిటికీ వైపు నడిచింది. దాన్ని ఆపేసి నా సంచిలో పెట్టేయమంది. నేను ఆపడానికి చేయి కూడా పెట్టాను. మళ్ళీ మొదటికే వచ్చింది నా బతుకు అనుకున్నాను.

అప్పుడు మెట్ల దగ్గర ఆయాసపడుతూ కూర్చున్న అవ్వ అంది: "ఉండనీ అమ్మీ. ఉరిమినాది గదా. కురుస్తాదో లేదో చూస్తాం."

ఎవరూ నవ్వలేదు. అది అందరికీ న్యాయంగా తోచింది. ఉరిమాక కురిసిందా లేదా చూడకుండా లేచిపోవడం మా వైపు ఎవరికీ చేతకాదు. అక్క ఒక క్షణం ఆలోచించి చేటను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"కురుస్తాదా?" అని నన్ను అడిగింది.

నేను చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఒక్క విషయం నా చేతిలో ఉంది, దాన్ని ఎందుకు ఇస్తాను? వింటే తెలుస్తుంది అన్నాను.

ఆ ఆల్బమ్‌ను ఎంతోమంది మేధావులు ఎన్నో రకాలుగా విని ఉంటారు. అలా విన్నవాళ్ళు మాత్రం ఉండరు. కీబోర్డు లేచినప్పుడు అవ్వ మబ్బు పట్టిందని చెప్పింది. వేణువు రాగానే అక్క, గాలి తిరిగిందంది. డ్రమ్ములు ఎక్కువయ్యేకొద్దీ కాయలు చీల్చే వేగం ఎక్కువైంది, ఇంగ పడతాదని ఒకామె అంటూనే ఉంది. సరిగ్గా అక్కడ అన్నీ ఆగి గిటార్ ఒక్కటే మిగిలింది.

"పాయె. కన్నడం పక్కకు పాయె," అంది ఆమె, నిజంగానే బాధపడుతూ.

పాడేవాడు వచ్చాడు. వాణ్ణి ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు గానీ ఏమంటున్నాడని అడిగారు. సముద్రం ఎండిపోయిందని, అందులో నీళ్ళ కోసం నడుస్తున్నాడని చెప్పాను. సముద్రం కూడా ఎండుతుందా అని అక్క అడిగింది. కలలో అన్నాను. అవ్వకు కలైతేనేమి, మరొకటైతేనేమి. వాడు తాగేదానికి నీళ్ళు వెంట తీసుకుపోయినాడా అని అడిగింది. నేను ఆ పాటలో ప్రతి మాటా గుర్తున్నవాణ్ణి. అందులో నీళ్ళ సీసా సంగతి ఎక్కడా లేదు. ఆ రాసినవాడికి ఇది తోచకపోవడం ఏమిటి అని ఇప్పుడు నాకూ కష్టంగా ఉంది.

మొదటి వైపు ముగిసింది. ఫోన్‌లో తిప్పి పెట్టే పని లేదు కాబట్టి అదే రెండో వైపులోకి వెళ్ళింది. తీగను ఒక్కసారి ముట్టుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

వసారాలో కాయలు చిట్లే చప్పుడు ఒక్కటే మిగిలింది. అక్క బొటనవేలు ఒక కాయ మీద ఆగింది.

"ఐపాయనా?"

"లేదక్కా. ఇది రెండో వైపు."

"ఆ ఖాళీ పక్కనా?"

నేను జవాబు చెప్పేలోపు స్పీకర్ పెద్దగా మోగింది. మా బావ. బస్సు దిగి ఉంటాడు, బండి వేసుకుని రమ్మని అడగడానికి. ఆయన ఆ తీగ రెండోసారి మోగడానికి ముందున్న ఆ చిన్న సందును వెతికి పట్టుకుని మరీ చేశాడని నా నమ్మకం. నేను అలవాటు కొద్దీ ఎత్తబోయాను.

"కట్ చెయ్," అంది అక్క. "ఆయప్ప యాడికీ పోడు."

కట్ చేశాను. మా బావ ఫోన్‌ను కట్ చేయడం ఎంత సులువో అంతకుముందు నాకు తెలియదు.

"ఈ పక్క మొదట్నుంచి పెట్టు," అంది.

మళ్ళీ పెట్టాను. ఈసారి ఆమె వొలవలేదు. తల కొంచెం పక్కకు వంచి, పాలలో నీళ్ళు కలిశాయా అని చూసేటప్పుడు పెట్టే మొహం పెట్టి కూర్చుంది. మిగతావాళ్ళు కూడా వేళ్ళు మెల్లగా ఆడించారు. తీగ మోగింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ మోగింది. పెళ్ళి రోజు ఆమె ఎంతసేపు విని ఖాళీ అనుకుందో అంతసేపు దాటింది. దాని అవతల, నేల లోపల నుంచి ఊరినట్టు ఆర్గన్ వచ్చింది. అక్క తల ఇంకొంచెం వంగింది.

కాసేపటికి బావ వచ్చాడు. ఎవరి బండి మీదో సగం దూరం, మిగతాది నడిచి. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నేను ఫోన్ కట్ చేసినందుకు గట్టిగా మొదలుపెట్టబోతే అవ్వ చేయి ఎత్తి ఆపింది. కూర్చో నాయనా, ఉరిమినాది, వాన కోసం చూస్తాండాం అంది. ఆయన బయటికి చూశాడు. మిద్దె మీద నుంచి వేలాడుతున్న పట్ట అంచును చూశాడు. ఆకాశం వైపు చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఒక కాయ అందుకున్నాడు. బస్సు మాట ఎత్తలేదు. ఎత్తితే ఏమనాలో నేను సిద్ధం చేసుకుని ఉన్నాను. అది అలాగే ఉండిపోయింది.

చివర్లో వాళ్ళు ఒక్కో వాయిద్యాన్నీ దించేస్తూ వస్తారు. డ్రమ్ములు పోతాయి, గిటార్ పోతుంది, పాడేవాడు ఎటో నడిచిపోతాడు. ఆర్గన్ ఒక్కటే చాలాసేపు నిలబడి అదీ సన్నగిల్లుతుంది. అప్పుడు ఒరిగిన ఓడ రేకు మీద ఒక చినుకు పడుతుంది. కాసేపాగి ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టలేనన్ని.

ఒక్క చేయీ కదల్లేదు. అవ్వ కళ్ళు మూసుకుంది. మా బావ చేతిలో చీల్చిన కాయ అలాగే ఉంది, గింజలు తీయలేదు. అక్క అరచేయి చేటలో గింజల మీద బోర్లా పెట్టి ఉంది, వాటిని తడవకుండా కాస్తున్నట్టు. వాన మెల్లగా తగ్గి ఆగిపోయింది. ఆల్బమ్ అయిపోయింది.

నేను ఎదురుచూశాను. ఎవరో ఒకరు ఒక్క మంచి మాట అంటారని. అక్క చేటను ఎత్తి పొట్టు ఊదింది. గింజలను ఒకసారి ఎగరేసి పట్టుకుంది.

"ఇది పదును గాదు," అంది.

విత్తనం వేయడానికి నేల లోపలికంటా దిగే తడిని మా వైపు పదును అంటారు. ఇన్నేళ్ళు నేను మోసుకు తిరిగిన ఆల్బమ్‌ను, ఇంగ్లండులో గొప్ప గొప్ప వాళ్ళు కూర్చుని చేసిన పనిని, మా అక్క రైతు లెక్కన కొలిచి, తక్కువ పడిందని తేల్చింది. పైపైన తడిసింది అంతే, దీనికి విత్తలేమని అవ్వ కూడా ఒప్పుకుంది. మా బావ నవ్వాడు. దాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను.

నేను స్పీకర్ తీసి సంచిలో పెట్టుకోబోతుంటే అక్క మళ్ళీ ఒక గంపెడు కాయలు ముందు పోసుకుంది.

"మళ్ళ పెట్టు. ఇంగోతూరి పడితే విత్తొచ్చేమో."

ఏ వైపు పెట్టమంటావని అడిగాను. ఆమె తలెత్తలేదు. కాయ ముక్కు మీద నొక్కింది, గింజలు చెక్కుచెదరకుండా చేటలో పడ్డాయి.

"నేను చెరిపిన పక్క," అంది.